ఊఁ కొట్టే రాతిపిట్ట

ఆ ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి చప్పుడు గ్లాసు నీళ్లలో కుంచె గిలకరించిన చప్పుడు. రెండోది ఆ గ్లాసు పక్కనే టీ గ్లాసు పెట్టిన చప్పుడు. మూడో చప్పుడు ఉండదు. పెట్టినావిడ ఏమీ అనదు, పెట్టించుకున్నాయన తలెత్తడు. ఎప్పుడైనా పరధ్యానంలో ఆయన కుంచెను టీలో ముంచేస్తే మాత్రం కాస్త మాట పుడుతుంది. “రంగునీళ్లు తాగేరు, చూసుకోండి” అంటుంది ఆవిడ. “తాగితే ఏం, లోపలన్నా కాస్త రంగు పడుతుంది” అంటాడు ఆయన. ఆ పూటకి సంసారం అక్కడితో సరి.

వీధిలో అందరూ ఆయన్ని బొమ్మల మాస్టారు అంటారు. ఆరో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, దుకాణాల బోర్డులు రాసే తండ్రి వెంట నిచ్చెనెక్కిన మనిషిని మాస్టారు అనడంలో గౌరవమెంతో వెటకారమెంతో ఆయనకు ఇప్పటికీ తేలలేదు. బోర్డుల మీంచి పుస్తకాల్లోకి వచ్చాడు. ఒకప్పుడు అట్టబొమ్మ కోసం పబ్లిషర్లు ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి కూర్చునేవాళ్లు. ఇప్పుడు కంప్యూటరుకు నాలుగు ముక్కలు చెబితే అరనిమిషంలో ఏడు గుర్రాల రథం గీసి పారేస్తోందట. ఏ గుర్రానికి ఎన్ని కాళ్లొచ్చాయో మాత్రం మనమే లెక్కపెట్టుకోవాలట. ఆ మాట చెప్పుకుని మాస్టారు ఒక్కడే నవ్వుకుంటూ ఉంటాడు. వినేవాళ్లు ఎవరని?

అలా చేతులు ముడుచుకు కూర్చున్న రోజుల్లో ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరరు వెతుక్కుంటూ వచ్చాడు. ఉద్యోగమంతా పిల్లల చేత రాజుల తేదీలు వల్లె వేయించి, ఆ విసుగుతోనో ఏమో, తేదీలే లేని ఒక రాజ్యాన్ని సొంతంగా కల్పించి కథ రాసుకున్నాడు. “మాయలూ మంత్రాలూ ఉంటాయి మాస్టారూ, కానీ కోటగోడలో రాయి మీద రాయి ఎలా పేర్చారన్నది మాత్రం అచ్చమైన చరిత్ర. బొమ్మలు చేత్తోనే పడాలి. అదీ మీ చేత్తోనే” అన్నాడు. ఆ ఒక్క మాటకే మాస్టారు కొత్త కుంచెలు కొన్నాడు. ఈ పని కుదిరితే ఇంకో నాలుగు పుస్తకాలు వస్తాయి, చెడితే ఇదే ఆఖరిది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

మాస్టారు పని పద్ధతి వేరు. చదవడం రాక కాదు, ఒత్తు వచ్చిన చోటల్లా ముల్లు తొక్కినట్టు ఆగుతాడు. వాక్యం చివరికి చేరేసరికి బొమ్మ ఎగిరిపోతుంది. అందుకని పెళ్లయిన కొత్తలోనే ఏర్పాటు జరిగింది. ఆవిడ చదవాలి, ఆయన గీయాలి. వెలుతురు ముందు నుంచి పడాలి గనక ఆయన మొహం కిటికీకి, వీపు ఇంటికి. వంటగది గుమ్మం దగ్గర స్టూలు మీద ఆవిడ. ఇంకో పద్ధతి కూడా ఉంది. కోటలు, గుర్రాలు, నగలు, చీర అంచులు అన్నీ పూర్తయ్యాకే మొహాలు వేస్తాడు. అప్పటిదాకా రాజైనా బంటైనా మెడ మీద ఖాళీ గుండ్రమే.

లెక్చరరుగారి కథ మాస్టారుకు మొదట అంతగా పట్టలేదు గానీ, పోనుపోను పట్టింది. రాజు దండయాత్రకు పోతూ బురుజు మీద ఒక దీపం వెలిగించి రాణికి అప్పగిస్తాడు. దీపం వెలిగినంతకాలం రాజుకు చావు లేదు. ఆ బురుజు మీదే ఒక రాతిపిట్ట. సాయంత్రమయ్యేసరికి రాణి దీపంలో చమురు పోసి పిట్టతో మాట్లాడుతుంది. పిట్ట ఊఁ కొడుతుంది. ఏళ్లు గడిచాక ఒకనాడు దీపం తగిలి రాణి చెయ్యి కాలుతుంది. చేతి కట్టు ఇంకా విప్పకముందే, ఒక తెల్లవారుజామున రాణి దీపం చేత్తో పట్టుకుని బురుజు దిగి, ఏటిలో పడవెక్కుతుంది. కోట కోటంతా గగ్గోలు. “దీపం ఆరకూడదన్నారు గానీ, కదలకూడదని ఎవరన్నారు?” అంటుంది రాణి.

అది విన్న రోజు మాస్టారు తొడ మీద చరుచుకున్నాడు. “భలే పెట్టాడే ముసలాయన!” అన్నాడు, కిటికీ వైపు తిరిగే. వెనక నుంచి కాగితం తిరగేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఒక పొద్దున లెక్చరరుగారు చెప్పకుండా వచ్చాడు. మాస్టారు అప్పటిదాకా వేసిన తొమ్మిది బొమ్మలూ మంచం మీద పరిచాడు. కోటగోడల దగ్గర లెక్చరరుగారి మొహం వెలిగింది. రాళ్ల అతుకుల మీద వేలు ఆనీ ఆనకుండా పోనిచ్చాడు. బురుజు దగ్గర ఆ వేలు ఆగింది.

“ఈ పిట్టేమిటి మాస్టారూ?”

“మీ రాతిపిట్టే సార్.”

“రాతిపిట్ట రాయిలా ఉండాలి గదా. మెడ వంచి ఆలకిస్తోందేం?”

“ఊఁ కొట్టాలంటే వినాలి గదండీ” అని మాస్టారు నవ్వాడు.

“ఊఁ కొట్టడమేమిటి? నా పిట్టకు నోరే లేదు.” లెక్చరరుగారి చెయ్యి ఇంకో బొమ్మ మీదికి వెళ్లింది. “ఈ చేతికి కట్టేమిటి? ఈ పడవలో ఈవిడెవరు?”

“రాణిగారు సార్.”

“నా రాణి కోట దిగదండీ! పన్నెండేళ్లు దీపం దగ్గర నిలబడి నిలబడి రాయైపోతుంది. రాజు తిరిగొచ్చి ముట్టుకుంటే మళ్లీ మనిషవుతుంది. పుస్తకానికి ప్రాణమే అది. అసలు మీరు చదివారా?”

చదివానంటే అబద్ధం. చదవలేదంటే పరువు పోతుంది. మాస్టారు మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది.

“చేత్తో గీసిన బొమ్మకు ప్రాణముంటుందని ఊరందరితో వాదించి వచ్చాను” అన్నాడు లెక్చరరుగారు. గొంతులో కోపం కన్నా చిన్నబోవడమే ఎక్కువగా ఉంది. “మా మేనల్లుడు నవ్వుతూనే ఉన్నాడు, పది నిమిషాల పని మామయ్యా అని. వచ్చే వారం వస్తాను. నా కథకు బొమ్మలుంటే బొమ్మలు పట్టుకెళ్తాను. లేకపోతే నా కాగితాలు పట్టుకెళ్తాను.”

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగకముందే మాస్టారు పెరటి గుమ్మంలో ఉన్నాడు. ఆవిడ తడి దుప్పటి పిండుతోంది.

“ఏమే! ఏం చదివావు నువ్వు నాకు?”

ఆవిడ దుప్పటిని పూర్తిగా పిండి, దులిపి, తీగ మీద వేసి, అంచులు సరిచేసింది. “విన్నాను. ఈ ఇంట్లో గోడలకి చెవులే కాదు, నోళ్లు కూడా ఉన్నాయి.”

“వెటకారాలు తర్వాత. రాణి పడవెందుకెక్కింది?”

“నేనే ఎక్కించాను.”

“మతి గాని పోయిందా నీకు? ఇన్నాళ్లకి ఒక పని దొరికితే నోటి దగ్గరి ముద్ద నేలపాలు చేశావు గదే! ఆయన ముందు నేను వెధవలా నిలబడ్డాను. అసలెందుకు చేశావీ పని?”

“కావాలని చెయ్యలేదండీ.” ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. “మొదట్లో ఉన్నదున్నట్టే చదివాను. బురుజు దగ్గరకొచ్చేసరికి చూస్తే, ఆ పేజీల్లో రాజు మాట్లాడతాడు, మంత్రి మాట్లాడతాడు, ఆఖరికి మాంత్రికుడి గుర్రం కూడా మాట్లాడుతుంది. రాణికి ఒక్క మాట లేదు. నిలబడింది, నిలబడింది, ఇంకా నిలబడింది. నాకిక చదవబుద్ధి కాలేదు. ఆగితే మీరు విసుక్కుంటారని నోటికొచ్చింది అనేశాను. ‘ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను’ అని రాణి పిట్టతో చెప్పిందన్నాను.”

“అంటే?”

“మీరు ఊఁ అన్నారు.”

మాస్టారుకు అర్థం కాలేదు.

“కుంచె ఆపి మరీ ‘ఊఁ, తర్వాత?’ అన్నారు. నా సొంత మాటకి.” ఆవిడ ఆయన వైపు చూడటం లేదు, దుప్పటి వైపు చూస్తోంది. “కుళాయి కారుతోందంటే ‘సర్లే’. అమ్మాయి ఫోన్ చేసిందంటే ‘ఇప్పుడా?’. మోకాలు నొప్పంటే ‘చూద్దాం’. నేను చెప్పే ఏ సంగతికీ మీ దగ్గర తర్వాత లేదు. అదే రాణి పేరు పెట్టి చెబితే ఉంది. మర్నాడు ఇంకో ముక్క అన్నాను. మళ్లీ ఊఁ అన్నారు. ఇక నా వల్ల కాలేదండీ ఆపడం.”

“అదంతా... నువ్వు కల్పించిందేనా?”

“కల్పించడానికి నాకేం వచ్చు? వేడినీళ్లు దించుతూ నేను చెయ్యి కాల్చుకున్న రోజే రాణికి దీపం తగిలింది. ఆ కట్టు మీరు ఎంత బాగా వేశారో. గుడ్డ ముడి, ఆ చివర పోగులు కూడా వేశారు.” ఆవిడ నవ్వబోయింది, కుదరలేదు. “నా చేతికున్న కట్టుతోనే మీ ముందు టీ గ్లాసు పెట్టాను, వారం రోజులు.”

మాస్టారు నోరు తెరిచాడు. మాట తోచని మగాడికి దొరికే మాట ఒకటుంది, అదే దొరికింది. “చేసిన తప్పు నీది, నింద నా మీదా!” అని విసురుగా లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాడు.

కోపం ఎంతసేపని ఊరికే కూర్చుంటుంది? లెక్చరరుగారి కాగితాల కట్ట ముందుకు లాక్కుని, బురుజు దగ్గర్నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ఒత్తుల దగ్గర ఆగుతూ, కూడబలుక్కుంటూ, వెనక్కి వెళ్తూ. ఎండ కిటికీ దిగి గోడ మీదికి పాకింది. ఆవిడ చెప్పింది నిజమే. రాణి నిలబడి ఉంది. వానలో నిలబడి ఉంది. వసంతంలో నిలబడి ఉంది. వాక్యాలు చక్కగానే ఉన్నాయి, చదువుకున్న మనిషి రాసినవి. ఏ వాక్యంలోనూ రాణి నోరు విప్పలేదు. విప్పలేదన్న సంగతి రాసినాయనకు తట్టినట్టే లేదు. విన్నవాడికి మాత్రం ఏం తట్టింది గనక!

కాగితాలు పక్కన పెట్టి తన బొమ్మలు చూసుకున్నాడు. కనీసం మొహాలన్నా వేద్దామని పెన్సిలు తీశాడు. పిట్టతో మాట్లాడే రాణి మొహం ఎలా ఉంటుంది? కళ్లు మూసుకుని ఆవిడ చదివే గొంతు గుర్తు చేసుకున్నాడు. గొంతు వచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ తడారి చిన్నగా దగ్గుతుందో అంతా వచ్చింది. మొహం రాలేదు. పెళ్లినాటి మొహమొకటి వచ్చింది గానీ, ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది? ఇన్నేళ్లూ ఆ గొంతు తన వీపుకే చదివింది. ఎదుటి గోడకున్న పగుళ్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వెనక కూర్చున్న మనిషి నుదుటి మీద గీతలు ఎన్నో తెలీదు. పక్కగదిలో కూడా కాదు, మూరెడు దూరంలో ఒక మనిషి రాయైపోతుంటే, తను రాతిపిట్టకు ఈకలు దిద్దుతూ కూర్చున్నాడు.

కాసేపటికి ఇల్లదిరిపోయేలా కీచుమని చప్పుడైంది. ఆవిడ పరుగున వచ్చింది. మాస్టారు బల్లను రెండు చేతులా పట్టుకుని ఈడుస్తున్నాడు.

“ఏమిటండీ ఇది? నడుం పట్టేసుకుంటుంది!”

“ఇటు తిప్పుతున్నాను.”

“కిటికీ వెనక్కి పోతే కాగితం మీద మీ నీడే పడుతుంది గదా.”

“పడనీ. కూర్చో.”

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. బల్లకు ఇటు ఆయన, అటు ఆవిడ. ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలీలేదు, పెళ్లిచూపుల్లోలా. ఆవిడ అలవాటు కొద్దీ కళ్లజోడు తీసి పెట్టుకుంది. దానికి ఒక పక్క కాడ లేదు. ఆ చోట దారం కట్టి చెవికి చుట్టుకుంది.

“అదెప్పుడు విరిగింది?”

“నిరుడు. చెప్పాను మీకు.”

“నేనేమన్నాను?”

“చూద్దాం అన్నారు.”

మాస్టారు తల వంచుకున్నాడు. లెక్చరరుగారి కాగితాల కట్ట పక్కకు జరిపాడు. “లెక్చరరుగారి కథ లెక్చరరుగారిదే. ఆయన రాసుకున్నాడు, ఆయనిష్టం. రేపట్నుంచి ఉన్నదున్నట్టు చదువు. రాణిని నిలబెడతాను, రాయిని చేస్తాను. నచ్చితే పట్టుకెళ్తాడు, లేకపోతే లేదు. చదివేది నువ్వని కూడా చెప్పేస్తాను.”

“మరి ఈ బొమ్మలు?”

“ఇవి ఆయనవి కావుగా.” పడవ బొమ్మను మధ్యలోకి జరిపాడు. దీపం ఉంది, అలలున్నాయి, కట్టు కట్టిన చెయ్యి ఉంది. మెడ మీద ఖాళీ గుండ్రం. “ఇవాళ దీనికి మొహం వెయ్యాలి. పడవెక్కి ఎటు పోయిందో నువ్వు చెప్పనేలేదు. చెప్పు.”

“అది పుస్తకంలో లేదండీ.”

“తెలుసు. ఇప్పుడే చదివాను.”

చదవడానికేమీ లేదు గనక ఆవిడ కళ్లజోడు తీయబోయింది.

“ఉండనీ” అన్నాడు మాస్టారు.

“రాణికి కళ్లజోడా? అదీ దారం కట్టిందా? నలుగురూ నవ్వుతారు.”

“చీకట్లో పడవ నడుపుకుంటోంది. దారి చూసుకోవద్దూ?”

ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆ దారం కట్టిన అద్దాల వెనక కళ్లు నిండాయి. తుడుచుకోలేదు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

“పడవలో రాణి ఒక్కతే ఉంది. ఎటు పోవాలో ఆవిడకీ తెలీదు. కోపంతో బయల్దేరింది గానీ, పోవడానికి ఒక చోటంటూ ఉండాలి గదా. చెయ్యి ఇంకా మండుతోంది. వెనక్కి తిరిగి చూస్తే బురుజు కనిపించింది. దాని మీద పిట్ట...”

గొంతు ఆగిపోయింది.

మాస్టారు పెన్సిలు కింద పెట్టేశాడు. ఆవిడ మొహం వైపే చూస్తూ అన్నాడు.

“ఊఁ.”