రామ్మూర్తిగారి వెనకగదిలో వెలుగు

అమలాపురంలో కాలవగట్టు రోడ్డున రామ్మూర్తిగారి వెనకగది కిటికీ ఉంది చూశారూ, చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. తప్పనిసరైతే వంతెన దాటి అవతలి గట్టున చుట్టు తిరిగి పోతారు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యని ఆటో దుర్గారావు కూడా అక్కడికొచ్చేసరికి గప్‌చుప్.

ఏముందయ్యా అక్కడ అంటే... తాళం వేసిన గది. లోపల మనిషి లేడు. కానీ రాత్రయితే నీలంగా వెలుగొస్తుంది. ఆ వెలుగులో పెద్ద పెద్ద అక్షరాలు... ఒక్కొక్కటే... వాటంతటవే పడతాయి. కాసేపు ఆగుతాయి — ఆలోచిస్తున్నట్టు. మళ్లీ పడతాయి.

నాకు చెప్పినవాళ్లు ఒట్టేసి మరీ చెప్పారు. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, ఆ రోడ్డున రాత్రిపూట నేనూ వెళ్లలేదు లెండి.

రామ్మూర్తిగారు దస్తావేజులు రాసే పెద్దమనిషి. షాపు ముందుగదిలో ఆయన దగ్గర పనిచేసే హేమ చిత్తుకాగితం చూసుకుంటూ టైపు చేస్తుంటే, వెనకగదిలో ఆయన తన స్క్రీన్ మీద చూస్తూ గోడ అవతల నుంచి కేకేసేవారు — "ఇంటిపేరు సరిచూడమ్మా!" కంప్యూటర్ ఒకటే, స్క్రీన్లు రెండు. గోడకి బెజ్జం కొట్టించి వైరు లాగించారు. చూపు ఆనదని, కాగితం తన స్క్రీన్ మీదే, పెద్ద అక్షరాలతో తెరుచుకునేలా పెట్టించుకున్నారు.

మొన్న ఆషాఢంలో ఆయన పోయారు. కొడుకు రాజేంద్ర వెనకగదికి తాళం వేసి, అందులోని సామానంతా అమ్మేశానని చెప్పి, షాపు హేమకి అప్పగించి రాజమండ్రి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ తప్పులు తనే చూసుకోవాల్సొచ్చి హేమకి ఒకటే తలనొప్పి. వర్డ్‌లో ఫైలు తెరిస్తే విండో కనపడదు. కింద గుర్తు మాత్రం ఉంటుంది, పైన ఖాళీ. రిపేర్లు చేసే విజయకుమార్‌కి ఫోన్ చేసింది.

"అది పాత స్క్రీన్ వైపుకి పోతోందండి. విండోస్, షిఫ్ట్ కలిపి పట్టుకుని బాణం నొక్కండి, ఇటొచ్చేస్తది. సెట్టింగుల్లో రెండో స్క్రీన్ తీసేసేరనుకోండి, పీడా పోతది."

బాణం నొక్కడం నేర్చుకుంది. రెండో స్క్రీన్ తీసేద్దామనే అనుకుంది. తియ్యలేదు.

ఎందుకంటే చెబుతాను. హేమ భర్త శివప్రసాద్ మస్కట్‌లో ఉన్నాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత వారానికి. ఇప్పుడు, డబ్బు పంపినప్పుడు. సాయంత్రం చీకటి పడి షాపులో జనం పల్చబడ్డాక హేమ కొత్త కాగితం తెరిచి, విండో ఎటు పోతే అటే పోనిచ్చి, ఖాళీ స్క్రీన్‌కేసి చూస్తూ ఏదో ఒకటి టైపు చేసేది. ఎవరికీ కనపడని మాటకి సిగ్గేముంది? సేవ్ చెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగితే వద్దని నొక్కి, తాళాలు వేసుకుని పోయేది.

ఇంతలో దెయ్యం పేరు ఊరంతా పాకింది. అక్షరాల సంగతి మాత్రం హేమ చెవిన పడలేదు. రాజేంద్ర ఫోన్ చేశాడు.

"చీకటి పడితే ఒక్కడూ రావట్లేదంట కదమ్మా. నెలాఖరుకి మూసేద్దాం. ఏమీ అనుకోకు."

ఉద్యోగం అలా ఉంచండి. పగలంతా "హేమగారూ, హేమగారూ" అని నలుగురు పిలిచే చోటు అదొక్కటే. ఇంటికెళితే ఆ పేరు పలికేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం సన్నగా వాన. రోడ్డు మీద పిట్ట లేదు. హేమ యథాప్రకారం టైపు చేస్తోంది. అప్పుడు... గోడ అవతల నుంచి...

"తల్లీ..."

వేళ్లు ఆగిపోయాయి. కప్పల బెకబెక తప్ప ఏమీ లేదు. భ్రమేమో అనుకుంది.

"తల్లీ... ఉన్నావా?"

పారిపోదామని లేచింది కూడా. కానీ పారిపోతే, రేపు దెయ్యం లేదని రాజేంద్రతో ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? మేకుకున్న తాళంచెవి తీసింది. తలుపు కిర్రుమంది... నీలం వెలుగు మొహాన కొట్టింది.

సామాను ఎక్కడ అమ్మాడు! రామ్మూర్తిగారి కుర్చీ అలాగే ఉంది. స్క్రీన్ కిటికీకేసి తిరిగి వెలుగుతోంది. హేమ చుట్టూ వెళ్లి చూసింది.

"భోంచేశారా? నాకు ఒక్కదాన్నే తినబుద్ధి కావట్లేదండీ. నిన్నా తిన"

అక్కడ ఆగింది. తను ఆపిన చోటే.

ఊరు హడలి చస్తున్న దెయ్యం ఎవరో హేమకి తెలిసిపోయింది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

కిటికీ దగ్గర అలికిడి. ఊచల మధ్య నుంచి ఒక ముసలి చెయ్యి లోపలికొచ్చింది. చేతిలో అరిటాకు పొట్లం. దాన్ని కిటికీ గూట్లో పెట్టి చటుక్కున వెనక్కి పోయింది.

"నీ మొకంలోకి సూడనమ్మా, కళ్లు మూసుకునే ఉన్నాను. నాకు సదువు రాదు. ఒక్కదానివీ తినలేకపోతన్నానని రాత్తన్నావంట... దుర్గారావు సెప్పేడు. అన్నం, మెత్తళ్ల ఇగురు తెచ్చేను. వేడిగుంది."

గొంతు హేమకి తెలుసు. ఓడలరేవు నుంచి చేపలు తెచ్చి అమ్మే బుల్లెమ్మ. రోజూ షాపు ముందు నుంచే కేకేసుకుంటూ పోతుంది.

"నువ్వు తినేదాకా గోడ పక్కన కూకుంటాను. మా ఇంట్లోనూ నేనొక్కదాన్నే. నాకూ ముద్ద దిగదు తల్లీ."

ఒక్క మాట చాలు. నేను హేమని, షాపులో టైపు చేసే మనిషిని — అంటే తెల్లారేసరికి దెయ్యం వదిలిపోతుంది, షాపు నిలబడుతుంది. కానీ బతికున్న మనిషి కిటికీ కింద ఎవరొచ్చి కూర్చుంటారు?

హేమ నేల మీద చతికిలబడి పొట్లం విప్పింది. ఆవిరి మొహానికి తగిలింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

గోడ అవతల కూడా పొట్లం విప్పుతున్న చప్పుడైంది. ఇద్దరూ తిన్నారు. వాన పడుతూనే ఉంది.

చాలాసేపటికి బుల్లెమ్మ గుసగుసగా అడిగింది.

"రేపూ తేనా, తల్లీ?"

హేమ గోడ ఇవతల తలూపుతూ జవాబిచ్చింది.

"ఆయ్."