నాలుగో షెడ్డుకాడ దిగే ట్రాలీ

ఆర్మూర్ పసుపు మార్కెట్ల నాలుగో షెడ్డంటే… పొద్దుగూకినంక కుక్క గూడ అటు కాలుబెట్టేది కాదు. అబద్ధమైతే గీ మీసం గీడనే గొరిగిచ్చుకుంట.

తొంభై ఒకటిల ముచ్చట. గా షెడ్డుల బాబురావు సేటు ట్రాలీ ఆగేది. పసుపు కుప్ప పోసినంక, మూలలల్ల ఇరికిన దుమ్ము రాలాలని ట్రాలీ డబ్బను ఒక దిక్కు లేపే ఉంచి, ఇంజను బందుజేసి పోయేటోళ్లు. ఇంజను లేదు, మనిషి లేడు — డబ్బ దానంతటదే దిగేది! కిర్ర్… కిర్ర్… అనుకుంట. కింద ఎర్రగ సుక్కలు రాలేవి. నెత్తురే అనుకున్నరు జనం.

హమాలీ లక్ష్మీరాజం అంతకుముందే గా షెడ్డుల, గా ట్రాలీకాడనే బస్తా మీదవడి సచ్చిండు. "ఇరవై ఏండ్లు మోసి మోసి అలసిపోయిండు పాపం. ఇప్పుడు డబ్బ మీదెక్కి నడుము వాలుస్తుండు. గాయిన బరువుకే దిగుతుంది" అన్నరు.

పాత డ్రైవర్ దేవరాజు గా సప్పుడు ఒక్కపారి ఇన్నడు. తాళంచెవి సేటు చేతిల వెట్టి, చెప్పులు ఇడిసిపెట్టి అంకాపూర్ దాంక ఉరికిండు. నడుమల రెండు లారీలను గూడ దాటిండు!

ఆయన జాగల వచ్చినోడు గంగాకిషన్. దుబాయిల ఎనిమిదేండ్లు టిప్పర్లు నడిపి, ఎండకు ఎండి, ఒట్టి బొక్కలతోని తిరిగొచ్చిన మనిషి. దెయ్యానికి భయపడాలన్నా జర ఓపిక గావాలె. గాయినకు గా ఓపిక గూడ లేదు.

ఒకనాడు పొద్దుగూకంగ చెడగొట్టు వాన వట్టింది. కరెంటు పోయింది. పసుపు తడుస్తదని కుప్పల మీద తాడ్‌పత్రి కప్పీ కప్పీ, నడుములు పడిపోయి, గంగాకిషన్ బ్యాటరీలైటు పట్టుకోని ట్రాలీకాడికి వచ్చిండు.

కిర్ర్…

లైటేసిండు. డబ్బ దిగుతుంది. జానెడు… ఇంకో జానెడు… దానికి, కింది ఇనుప చట్రానికి నడుమ — ఎవరో పండుకోని ఉన్నరు!

"ఎ… ఎవరది?"

"నేనే తమ్మీ. కమలవ్వను."

లక్ష్మీరాజం పెండ్లాం. షెడ్డు ఊడ్చి, రాలిన పసుపు కొమ్ములు ఏరుకోని బతికేది.

"బయటికి రా అక్కా! డబ్బ దిగుతుంది!"

"దిగనియ్యి… అలసిపోయిండు. జర కూసుంటుండు."

"నలిగి సస్తవ్!"

"నా మొగడే గద తమ్మీ," అన్నది, కండ్లు గూడ తెరువకుండ. "గాయిన నన్నేం జేస్తడు?"

మూరెడు సందు మిగిలింది… గంగాకిషన్ లైటు పారేసిండు. గోడకున్న టేకు మొద్దు గుంజి సందుల నిలవెట్టిండు. డబ్బ వచ్చి మొద్దు మీద కూసుంది. మొద్దు మూలిగింది… ఆగింది.

ఆమె ముక్కుకు, డబ్బకు నడుమ బెత్తెడంత సందు. రెక్క వట్టి బయటికి గుంజిండు.

తెల్లారి, అందరి ముంగట డబ్బను లేపే జాకీ ఇప్పిండు.

"ఇగో, గింతే దీని సంగతి. పంపు నూనెను గీ గొట్టంలకు తోస్తది. నూనె రాడును తోస్తది. రాడు డబ్బను లేపుతది. నూనె గీడనే ఆగితే డబ్బ ఆగుతది. దాన్ని ఆపేది గీ రబ్బరు వాసరు."

వాసరు బయటికి తీసిండు. అంచంత ఎలుకలు కొరికిన గోనెసంచి లెక్కుంది. దాని చుట్టు నూనెల నానిన ముద్ద… పసుపు, కుంకుమ.

"రాడుకు పసుపు రాసిందెవలు?"

కమలవ్వ చేతులు కొంగు కింద దాసుకుంది.

"నేనే తమ్మీ… ఆయన పోయిన కాంచి, మంగళారం మంగళారం. ఆయన శాంతిస్తడని."

గంగాకిషన్ గోడకు ఒరిగిండు. "పసుపుల గరుకుంటదక్కా. రాడు లోపలికి పోయినప్పుడల్ల గది వాసరును గీకింది. గా గీతలల్లకెల్లి నూనె కారింది, డబ్బ దిగింది. నువ్వు ఎంత పూజ జేస్తే గంత దిగింది. గా నెత్తురు సుక్కలు నీ కుంకుమనే."

"ఓర్ని! గింత దానికి నా డ్రైవర్ ఉరికిండా!" బాబురావు సేటు పొట్టవట్టుకోని నవ్విండు. హమాలీలు నవ్విన్రు.

కమలవ్వ నవ్వలే. గా రబ్బరు ముక్క దిక్కు చూసి, మెల్లగ —

"అయితే… ఇన్నొద్దులు ఆయన గీడికి రానే లేదా?"

గంగాకిషన్ రాడు తుడుసుకుంట కూసున్నడు. తుడిసిందే తుడిసిండు.

బస్సెక్కి నిజామాబాద్ పోయి కొత్త వాసరు తెచ్చి ఏసిండు. పొద్దుగూకంగ డబ్బ లేపి, ఇంజను బందువెట్టిండు. అందరు ఇండ్లకు పోయిన్రు.

కమలవ్వ పోలే. ట్రాలీకి ఎదురుంగ, గోడకు వీపు ఆనిచ్చి కూసుంది. చీకటైంది… తెల్లారేదాంక గా డబ్బ దిక్కే చూసుకుంట కూసుంది.

డబ్బ దిగలే.