రెండో కార్డు

గద్వాలలో ఎల్‌ఈడీ తెరలు అద్దెకిచ్చే రాకేష్‌ను పట్టపగలు, అతని షాపులోనే గొంతు కోసి చంపారు. నేల మీది నెత్తురు ఇంకా ఆరలేదు. శవం పక్కన నిలబడి ఏజెంట్ సాంసన్ ఫోనెత్తాడు. అవతల చీఫ్ రాఘవేందర్ చెప్పుకుపోయాడు.

"వాడు బిగించిన కంప్యూటర్ ఇప్పుడు కొల్లాపూర్ కాడ, కృష్ణ ఒడ్డున సువార్త సభల ఉన్నది. అండ్ల రెండు గ్రాఫిక్స్ కార్డులు. కార్డుకు నాలుగు తెరలు. విదేశీ ముఠా చేతికి పోయింది. పైన డ్యామ్ తెగినట్టు దొంగ వీడియోను లైవ్ లెక్క వేస్తరు."

"బయటికి ఒక్కటే ఇరుకు తోవ. జనం తొక్కుకొని సస్తరు. సభ ఆపుండ్రి సార్."

"పోలీసు కనబడితే ముందే వీడియో మీట నొక్కుతరు. లోపల మన ఏజెంట్ సింధూజ ఉన్నది."

"మా అక్క రజిత గూడ ఆడనే ఉంది సార్. ముందు వరసల. నిండు చూలాలు."

"అయితే జల్ది పో."

వనపర్తి మీదుగా బైకు ఎగిరింది. కంట్రోల్ టెంటు దగ్గర దిగేసరికి సాంసన్ చాయ్ అమ్మేవాడి వేషంలో ఉన్నాడు. చేతిలో పొగలు కక్కే కెటిల్, నడుములో కత్తి.

గద్వాల పట్టుచీర, నల్లకళ్లద్దాలు. సింధూజ గుమ్మంలోనే ఉంది.

"పల్లికాయ వలిచిన్రా అక్కా?"

"గింజ ఇంకా పచ్చిగుంది తమ్మీ."

కోడ్ కలిసింది. ఆమె పక్కకు జరిగింది. లోపల విదేశీ ఆపరేటర్ వీపు ఇటే ఉంది. సాంసన్ కత్తి వాడి మెడలో పిడి దాకా దిగింది. రెండు కార్డులకు రెండు మీటలు. వాలిపోతూ వాడు ఒకటి నొక్కాడు.

నాలుగు తెరల మీద డ్యామ్ పగిలింది. స్పీకర్లు వరద వరద అని అరిచాయి.

సాంసన్ తలకు పిస్టల్ తగిలింది.

"ఎవలకు పనిచేస్తున్నవ్ అక్కా?"

"నిన్నటిదాక మీకే."

సింధూజ ఎడమచేయి రెండో మీట వైపు సాగింది. సాంసన్ మరిగే చాయ్ కెటిల్‌ను ఆమె ముఖాన కొట్టాడు. కేక. గుండు సాంసన్ భుజంలో దిగింది. అతను పిస్టల్ గుంజుకున్నాడు. ఆమె చేతులు జోడించింది. రెండుసార్లు కాల్చాడు.

మొదటి కార్డు వైర్లు పీకేశాడు. ఆ నాలుగు తెరలు నల్లబడ్డాయి. అప్పటికే జనం ఇరుకు తోవ మీద పడ్డారు. ఒక ముసలాయన కాళ్ల కింద పడి మళ్లీ లేవలేదు. రజిత పొట్టకు చేతులు అడ్డంపెట్టుకుని వెదురు కంచెకు నొక్కుకుపోతోంది.

రెండో కార్డు మీది నాలుగు తెరల్లో ఇంకా పాస్టర్ లైవ్ నడుస్తోంది.

"నాగప్పన్నా!" టెంటు పక్కన క్రేన్ కెమెరా తిప్పే తెలిసినవాణ్ణి పిలిచాడు. "జనం మీద పెట్టు!"

"పాస్టర్ తిడ్తడు!"

"పెట్టకుంటే నేను కాలుస్త!"

కెమెరా తిరిగింది. తెరల నిండా జనమే. వాళ్ల వెనక కృష్ణ, ఎప్పటిలాగే మెల్లగా.

పెండ్లి పెండ్లికీ లైవ్ తెరలో తమను చూసుకోవడం అలవాటైన జనం. ఉరికేవాళ్లు మెడ తిప్పారు. తమ మొఖం ఎక్కడుందో వెతికారు. ఒకామె కొంగు సర్దుకుంది. వెనకవాళ్లు ఆగారు. తోవ వదులైంది.

ఫోన్ మోగింది.

"ఎట్ల ఆగిన్రు?"

"టీవీల వడ్డరు సార్."

"మీ అక్క?"

సాంసన్ నెత్తురోడే భుజాన్ని అదిమిపట్టి తెర వైపు చూశాడు.

"పానంతోనే ఉంది. చెయ్యి ఊపుతుంది సార్. నాకు గాదు, కెమెరాకు."