కోడలి అట్టులో రెండో గుడ్డు

మళ్ళీ రెండు గుడ్లు!

యాచిన్ నోటి దాకా తెచ్చిన అట్టును దించి, మడత విప్పి చూసింది. అనుమానమే లేదు... పచ్చటి గుడ్డు పొర మందంగా అట్టంతా పరుచుకుని ఉంది. పక్కన ఆరేళ్ళ కూతురు మాన్‌మాన్ అట్టులో ఒక్కటే. భర్త షావ్‌బో అట్టులోనూ ఒక్కటే! వారం రోజులుగా ఇదే వరస. ఇంట్లో మనుషులు నలుగురు, అత్తగారు షియూజెన్ పొద్దున్నే సంచిలో పెట్టుకెళ్ళే గుడ్లు నాలుగు. అత్తగారు బండి దగ్గరే తినేసి వచ్చే అట్టులోదీ కలిపితే, మరి ఈ ఐదోది ఎక్కడిది?

సైకిళ్ళ కంపెనీలో షావ్‌బో జీతం సగానికి కోసినప్పటి నుంచి పొద్దుటి తిండి పెత్తనం అత్తగారిదే. పాల ప్యాకెట్లు బంద్. బేకరీ బన్నులు బంద్. సోయాపాలు ఇంట్లోనే. కానీ తియాన్‌జిన్ మనిషికి పొద్దున్నే జియాన్‌బింగ్, అదే ఆ పెసరపిండి అట్టు, పడకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు కనుక దాన్ని మాత్రం మానలేదు. గుడ్లు మనవి మనం పట్టుకెళితే బండివాడు అట్టుకు తక్కువ తీసుకుంటాడు. ఊరంతా చేసే పనే! అయినా జినాన్ నుంచి కోడలై వచ్చిన యాచిన్‌కు గుడ్లు చేత్తో పట్టుకుని లైనులో నిలబడటమంటే సిగ్గు. ఏనాడూ ఆ బండి వైపు పోలేదు.

సిగ్గు సంగతి అలా ఉంచితే, ఆమె గుండెల మీద ఇంకో బరువుంది... నెల తప్పి రెండు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు! "ఉన్నవాళ్ళకే సరిగ్గా పెట్టుకోలేకపోతున్నాను" అని షావ్‌బో ఒకరోజు తల పట్టుకున్నాడు. ఆ మాట విన్నాక ఏ నోటితో చెబుతుంది? సోమవారం ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళి కడుపు తీయించుకుందామని మనసు రాయి చేసుకుంది.

శనివారం అత్తగారి మోకాలు పట్టేసింది. మంచం దిగలేకపోయింది.

"నేను తెస్తాను అత్తయ్యా" అంది యాచిన్.

"నువ్వా! వద్దొద్దు. ఒక్కరోజు అట్టు తినకపోతే ఎవరూ చచ్చిపోరులే!"

ఈవిడ నోట ఈ మాటా! యాచిన్‌కు ఆశ్చర్యమేసింది. దాంతో అనుమానం రెట్టింపైంది. గుడ్లు తీసుకుని బయల్దేరింది.

లైనులో ఆమె వంతు రాగానే బండివాడు, తెల్లజుట్టు ఫెయ్, గుడ్లు అందుకున్నాడు. ఆ ఊళ్ళో ఆడదెవరైనా అక్కే! "ఏంటక్కా, షియూజెన్ అక్క రాలేదా? సంచీ చూసి పట్టేశాలే. నాకు తెలుసుగా... ఒకదాంట్లో రెండు, రెండిట్లో ఒక్కోటి, ఇంకోటి ఉత్తది."

"ఉత్తదా? అదెవరికి?"

"ఆవిడకే! ఇక్కడే నిలబడి తినేసి పోద్ది. గుడ్డు లేకుండా అట్టు తినే మనిషిని నా బండి దగ్గర ఎప్పుడైనా చూశానా! అడిగితే, కోడలు కడుపుతో ఉంది, దానికి బలం కావాలి, ఎవరితో అనకు అంది..."

అట్ల కర్ర ఆగిపోయింది. "అయ్యో! నువ్వేనా ఆ కోడలివి?"

"నోరా అది, రేకు డబ్బానా!" వెనకనుంచి ఒకామె అతన్ని తిట్టింది. "ఎన్నో నెలమ్మా?" ఇంకొకామె భుజం నిమిరింది. యాచిన్‌కు కళ్ళు మసకబారాయి. ఇన్నాళ్ళూ తను తిన్నది ఆవిడ నోటి దగ్గరి ముద్ద!

ఇంటికొచ్చి అత్తగారి మంచం పక్కన కూలబడింది.

"ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?"

"నూనె వాసనకి ముక్కు మూసుకున్నప్పుడే. నేనూ కన్నదాన్నేగా!"

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు నాకోసం అవుననో కాదనో చెప్తావు. నువ్వేదో ఆలోచిస్తున్నావని తెలుస్తూనే ఉంది..." ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "ఉంచుకో అనను, వద్దనను. నీ ఒళ్ళు, నీ ఇష్టం. కానీ ఏం అనుకున్నా కడుపునిండా తిని అనుకో తల్లీ! ఆకలిమీద అనుకోకు..."

యాచిన్ ఆ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పోయాక అంత ఏడుపు ఏడవడం అదే మొదలు.

ఏడుపు విని షావ్‌బో పక్కగదిలోంచి పరుగున వచ్చాడు. యాచిన్ ఈసారి ఏదీ దాచలేదు... సోమవారం సంగతి కూడా.

అతను గుమ్మానికి చేరగిలబడ్డాడు. "అమ్మకి తెలుసు. ఫెయ్‌కి తెలుసు. లైనంతటికీ తెలుసు. నాకే చివర్నా... నా మాట నిన్ను అంత భయపెట్టిందా యాచిన్? నీకేం కావాలో ఒక్కసారైనా అడగలేదు కదా నేను! ఇప్పుడు అడుగుతున్నా... చెప్పు."

"నాకు కావాలి" అంది యాచిన్. అంత గట్టిగా తను అనగలదని ఆమెకే తెలియదు.

సోమవారం ఆస్పత్రికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆమె ఒక్కతే వెళ్ళాలనుకున్న గదిని దాటి, కాన్పుల డాక్టరు గది ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.