నొప్పి చెప్పుకునే చోటు

తెల్లారేసరికి గుండుగొలనులోని రూబీ చేపల షెడ్డు ముందు రెండు వ్యాన్ల సరుకు దిగింది. కొల్లేటి పక్క చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ట్రేల నిండా ఉన్నాయి. రూబీ ప్రతి ట్రే దగ్గరా వంగి, ఒక చేప మొప్ప ఎత్తి చూసి, పొట్ట మీద వేలితో నొక్కి, ఆ తర్వాతే ధర మాట్లాడుతుంది. రైతు పెద్దవాడైనా, చుట్టమైనా అంతే. సొంత తమ్ముడి చెరువు చేపనైనా మా ఆవిడ అనుమానిస్తుందని భర్త నెల్సన్ షెడ్డులో అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆమెకు తమ్ముడు లేడు. ఉన్నది చెల్లెలు. ఆ సంగతి వచ్చేసరికి నెల్సన్ నవ్వు ఆపేస్తాడు.

చెల్లెలు పెర్సిస్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీకి వెళ్ళేముందు రోజూ తల్లికి ఫోను చేస్తుంది. తల్లి ఎలిజబెత్తు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. భర్త యోబు పోయినప్పటి నుంచీ పెద్ద కూతురి దగ్గరే ఉంటోంది. వేళకు అన్నం పెట్టేది రూబీ. బీపీ మాత్ర గుర్తుచేసేది రూబీ. ఆదివారం చర్చికి కారులో దింపేది రూబీ. ఊళ్ళో ఎవరు పలకరించినా ఆవిడ చెప్పేది మాత్రం పెర్సిస్ గురించి. అది తెల్ల బట్టల్లో నడిచొస్తే రోగం సగం తగ్గిపోతుందట.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఈ వ్యాపారంలో ముంచేవాళ్ళనీ, ముఖం చాటేసేవాళ్ళనీ చూసి తట్టుకున్న రూబీకి, తల్లి మెప్పు అంతా చెల్లెలి ఖాతాలో పడిపోవడం మాత్రం మింగుడు పడేది కాదు. పెట్టుబడి తనది, లాభం దానిది. ఇదెక్కడి న్యాయమని లోపల్లోపల రగిలిపోయేది.

ఆ మధ్య తల్లికి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తేలి, పెర్సిస్ చేసే ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేయించారు. కడుపు కొయ్యకుండా చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్. అక్కడ ఉన్నన్ని రోజులూ రూబీకి ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది. వార్డంతా సిస్టర్, సిస్టర్ అంటూ పెర్సిస్ వెనకే తిరిగేది. పక్క మంచం ఆవిడ రూబీని చూసి ఎవరండీ అని అడిగితే, "పెద్దమ్మాయండి, చేపల వ్యాపారం" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఎలిజబెత్తు మళ్ళీ చిన్నదాని పొగడ్తల్లో పడింది.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమని కాగితం తెచ్చినప్పుడు రూబీకి బోలెడు సందేహాలు వచ్చాయి. చేసేది ఏ డాక్టరు, ఏమైనా తేడా వస్తే ఏం చేస్తారు, వేరే దారి లేదా అని. కానీ పక్కన పెర్సిస్ నిలబడి ఉంది. అడిగితే చెప్పేది అదే. అడిగినకొద్దీ అది ఇంకో మెట్టు పైకెక్కుతుంది. రూబీ చదవకుండానే సంతకం పెట్టేసింది. ఒక్క ట్రే చేపలకు పది ప్రశ్నలు వేసే మనిషి, కన్నతల్లి కడుపుకి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఇంటికి పంపే రోజున కూడా, ఏమేం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో పెర్సిస్ చెప్పబోతే, "నాకు తెలుసులేవే" అని కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

వారం దాటింది. రెండు వ్యాన్ల సరుకు దిగిన ఆ పొద్దున రూబీ చెయ్యి కడుక్కుందామని ఇంటి పెరట్లోకి వెళ్ళేసరికి తల్లి పంపు దగ్గర వంగి ఏదో ఉతుక్కుంటోంది. బరువులు ఎత్తొద్దన్నారు, పనిమనిషి ఉంది. ఇదేం చోద్యమని దగ్గరికి వెళ్ళి చూస్తే లోపలి పరికిణీ. దాని మీద అరచెయ్యంత పచ్చటి మరక.

పసుపు పడిందే, అంది తల్లి.

సరుకులో మాయ పట్టే కళ్ళవి. పసుపు మరక అంచులు అలా ఆకుపచ్చగా ఉండవు. రూబీ తల్లి పమిట తొలగించి చూసింది. ఆపరేషన్ చేసినప్పుడు లోపలి నీరు పోవడానికి ట్యూబు పెట్టి తీసేసిన రంధ్రం ఇంకా మానలేదు. అందులోంచి పచ్చటి రసం ఊరుతోంది.

ఆ క్షణాన ఆమెకు ముందు కలిగింది భయం కాదు. కడుపులో చల్లగా ఏదో దిగినట్టు అనిపించింది. ఇన్నేళ్ళకు చెల్లెలి సరుకులో పుచ్చు బయటపడింది. భయం దాని వెనకాల నెమ్మదిగా వచ్చింది. ఫోను తీసి, మీ ఆస్పత్రి పనితనం వచ్చి చూసుకోమని పెర్సిస్‌కు చెప్పింది.

పెర్సిస్ డ్యూటీ వదిలేసి ఏలూరు నుంచి ఆటోలోనే వచ్చేసింది. వస్తూనే తల్లి కింది రెప్ప లాగి చూసింది. కన్ను పసుపుపచ్చగా ఉంది. నుదురు కాలుతోంది. ఒంటేలు ఏ రంగులో వస్తోందని అడిగితే, కాచిన టీ రంగులో అని ఎలిజబెత్తు తల వంచుకుని చెప్పింది.

రూబీ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎంత ఆపుకుందామన్నా నోరు ఆగలేదు.

"ఏమంటారు సిస్టరుగారు? మీరు తెల్ల బట్టల్లో నడిస్తే సగం తగ్గిపోతుందన్నారు. తగ్గిన సగం ఏది?"

"అక్కా, తిట్టడం తర్వాత. అమ్మని విజయవాడ తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

"మళ్ళీ నీ మాటేనా? ఇంతదాకా నీ మాటే విన్నాం."

"ఒళ్ళంతా ఇలా పచ్చబడితే నీకు కనిపించలేదా? ఒకే ఇంట్లో ఉన్నారు కదా."

"అమ్మ నీకు చెప్పలేదేం మరి? రోజూ పొద్దున్నే ఫోను చేస్తావుగా, ముద్దుల కూతురివి."

నెల్సన్ మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ ఊరుకోమన్నాడు. ఎవరూ ఊరుకోలేదు. చివరికి ఎలిజబెత్తు మంచం అంచు పట్టుకుని, క్లాసులో పిల్లల్ని ఆపే టీచరు గొంతుతో మాట్లాడింది.

"ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ నొప్పి ఇంకా ఎక్కువైందే. చిన్నదానికి చెబితే ఆస్పత్రిలో దాని ఉద్యోగం మీదికి వస్తుందని భయపడ్డాను. నీకు చెబుదామంటే..." రూబీ వైపు చూసి ఆగింది. "నీకు చెబితే నువ్వు సంతోషిస్తావే, రూబీ."

ఆ మాట కోపంగా అనలేదు. బజారు ధర చెప్పినట్టు, ఉన్నదున్నట్టు చెప్పింది. కాదని అనడానికి రూబీ నోరు తెరిచింది. ఇందాక పెరట్లో కడుపులో దిగిన చల్లదనం గుర్తొచ్చి తల్లి వైపు చూసింది. తల్లి ముఖంలోకి నిండుగా చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తేలలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ అయితే, ఆ ముఖంలో పెర్సిస్ పొగడ్తే కనబడుతుందని చూడడమే మానేసింది. తన ఇంట్లో, తన అన్నం తింటూ, కన్నతల్లి తన నొప్పిని దొంగసరుకులా దాచుకుంది.

"ఏవండీ, కారు తియ్యండి" అంది భర్తతో.

విజయవాడలో స్కాను తీస్తే, కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే పిత్తనాళానికి గాయమై ఆ పసరు కడుపులోకి కారుతోందని తేలింది. నోటిగుండా గొట్టం పంపి నాళంలో స్టెంటు వేశారు, కడుపులో చేరినది బయటికి తీశారు. అక్కడి డాక్టరు తూకం తప్పకుండా మాట్లాడింది. ఆ ఆపరేషన్‌లో నాళానికి దెబ్బ తగలడం మంచి చేతుల్లో కూడా ఒక్కోసారి జరుగుతుంది, జరిగినంత మాత్రాన డాక్టరు తప్పని అనలేం. నొప్పి ఉందని రోగి చెప్పినా పరీక్ష చెయ్యకుండా ఇంటికి పంపారా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అక్కడి కేసు షీటులోనే ఉంటుంది.

రెండు లారీల మనుషుల్ని వేసుకుని వెళ్ళి ఆస్పత్రి అద్దాలు దింపేస్తానని రూబీ లేచింది. పెర్సిస్ ఆమె చెయ్యి పట్టుకుంది. అద్దాలు పగిలితే కేసు మన మీద పడుతుంది, అమ్మ గోడు పక్కకు పోతుంది అంది. కేసు షీటు, రిపోర్టుల నకళ్ళు కావాలని రాసివ్వాలి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి, అడిగిన మూడు రోజుల్లో ఇవ్వడం వాళ్ళ విధి. ఇక్కడి డాక్టరు అభిప్రాయం కూడా రాతలో తీసుకోవాలి. అవన్నీ చేతికొచ్చాక మెడికల్ కౌన్సిల్‌కు వెళ్ళాలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలా అన్నది లాయరుతో కూర్చుని చూసుకోవాలి. రూబీ ఈసారి నాకు తెలుసులే అనలేదు. అర్థం కానిది రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

మర్నాడు తల్లి దగ్గర నెల్సన్‌ను ఉంచి అక్కాచెల్లెళ్ళు ఏలూరు వెళ్ళారు. పెర్సిస్‌ను బయట కూర్చోమని, మేనేజరు నరసరాజు రూబీ ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు. "ఆయ్, కూర్చోండమ్మా" అంటూ కాఫీ తెప్పించాడు. అమ్మగారి ఆరోగ్యం గురించి ఎంతో బాధపడ్డాడు. ఆపరేషన్ బిల్లు మొత్తం తిరిగి ఇచ్చేస్తామని, వైద్యం తృప్తికరంగా ఉందని ఒక్క సంతకం పెడితే చాలని కాగితం జరిపాడు. రూబీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, ముట్టుకోకుండా వెనక్కి జరిపింది.

నరసరాజు గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు గానీ, ఆ ట్యూబు తీసింది మీ చెల్లెలుగారేనండి. కేసంటూ వెళితే అది ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. పెద్దవారు, మీరే ఆలోచించుకోండమ్మా."

గాజు తలుపు అవతల పెర్సిస్ బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడైతే ఈ మాటకి రూబీ ఎంత ధరైనా పెట్టేది. ఇప్పుడు అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడింది. పట్టుకెళ్ళి తల్లి మంచం మీద పెడితే, చిన్నదాని పేరు ఆ ఇంట్లో మళ్ళీ వినపడదు. ఆ ఆలోచన రానే వచ్చింది, రాలేదంటే అబద్ధం. దాని వెనకే "నువ్వు సంతోషిస్తావే" అన్న గొంతూ వచ్చింది.

ఎదుటివాడు అడగని తగ్గింపు ఇస్తున్నాడంటే సరుకులో లోపం ఉన్నట్టే. రూబీ సంచిలోంచి అర్జీ తీసి బల్ల మీద పెట్టింది.

"ట్యూబు తీసింది నర్సయితే, తియ్యమన్నది ఎవరో కూడా కేసు షీటులో ఉంటుంది కదండీ. నాకు కావాల్సింది ఆ నకలే. తప్పు మా చెల్లెలిదైతే దాని పేరే రాయిస్తాను. డాక్టరుగారిదైతే ఆయన పేరు. మా ఇద్దరి మధ్యా పుల్ల పెట్టి మీరు తప్పుకుంటానంటే కుదరదండి. ముద్ర వేసివ్వండి."

నరసరాజు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. కాఫీ చల్లారింది. చివరికి ముద్ర పడింది.

బయటికి వచ్చి, లోపల విన్నది విన్నట్టు చెప్పింది రూబీ. పెర్సిస్ దాచలేదు.

"తీసింది నేనే అక్కా. ట్యూబులో పచ్చగా వస్తోందని, అమ్మ నొప్పంటోందని ఆపరేషన్ చేసిన సార్‌కి చెప్పాను. గ్యాసు, కంగారుపడకు, తీసేసి పంపించెయ్ అన్నారు. స్కాను చేద్దామని గట్టిగా అడగాల్సింది. అడగలేదు. మా ఆస్పత్రి అంత గొప్పది, ఇంత గొప్పదని నీ దగ్గర చెప్పుకున్నాను కదా. మా అమ్మకే అక్కడ తేడా వచ్చిందంటే నువ్వేమంటావోనని..."

రూబీ పక్కన కూర్చుంది. తను చెల్లెలి ముందు చిన్నదైపోతానని అడగలేదు. చెల్లెలు తన ముందు చిన్నదైపోతానని అడగలేదు. తల్లి ఇద్దరికీ భయపడి చెప్పలేదు. ముగ్గురూ నోరు మూసుకుని ఆ డాక్టరు పని సులువు చేసి పెట్టారు. ఆయన చేసిన తప్పుకి ఆయన లెక్క చెప్పాల్సిందే, అందులో పిసరైనా తగ్గదు. కానీ వీళ్ళ లెక్క ఏ కమిషనూ తేల్చదు.

"జరిగింది జరిగినట్టు నేనూ రాసిస్తాను. ఉద్యోగం పోతే పోనీ" అంది పెర్సిస్ కళ్ళు తుడుచుకుంటూ.

"పోతే మా షెడ్డుకి వచ్చెయ్. నీచు వాసన పడుతుందా నీకు?"

"నీచు పడుతుంది. నీ కింద పని చెయ్యడమే పడదు."

నీళ్ళ కళ్ళతోనే ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ బెంచీ మీద అలా నవ్వినందుకు పక్కవాళ్ళు వింతగా చూశారు.

సాయంత్రానికి విజయవాడ చేరారు. ఎలిజబెత్తు కళ్ళు మూసుకుని ఉంది. చేతికి సెలైను ఎక్కుతోంది. పెర్సిస్ అలవాటు చొప్పున సెలైను సీసా వైపు చూసింది. రూబీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తల్లి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. పచ్చదనం ఇంకా పోలేదు. పెదవులు ఎండి పగిలాయి. చెంపలు ఎప్పుడు ఇంతలా లోపలికి పోయాయో.

చాలాసేపటికి తల్లి కళ్ళు తెరిచింది. ఇద్దరూ కనిపించారు. చూపు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"రూబీ" అంది, గాలి పీల్చుకుని. "ఇక్కడ నొప్పిగా ఉందే. ఓర్చుకోలేకపోతున్నాను."

పెర్సిస్ లేవబోయి, ఆగి, మళ్ళీ కూర్చుంది. రూబీ తల్లి చెయ్యి తీసుకుని, చూపించిన చోట మెల్లగా తన అరచెయ్యి ఆనించింది. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలా ఉంటోందని ఒక్కొక్కటే అడిగింది. ఎలిజబెత్తు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఏదీ దాచలేదు.

డాక్టరును పిలవడానికి వరండాలోకి వచ్చాక గానీ రూబీకి కన్నీళ్ళు ఆగలేదు. అటుగా వెళుతున్న ఆయా కంగారుపడి, మీ వాళ్ళకి ఏమైందండీ అని అడిగింది.

"ఏం లేదండి. మా అమ్మ నొప్పి అని నాకు చెప్పింది" అంది రూబీ.