మూడో పిలుపు

నాంపల్లిలో మెట్రో ఎక్కి, లైను మారడానికి దిగుతామే, ఆ స్టేషన్‌కి ఒక చెడ్డపేరుంది. రాత్రి జనం పలచబడ్డాక, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి పోయే దారిలో వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట. తిరిగి చూసినవాడు ఎక్కాల్సిన రైలు ఎక్కలేడట.

నేను నవ్వేవాణ్ణి. దెయ్యానికి టికెట్ ఎవడిచ్చాడు, గేటు దగ్గర ఆపలేదా అని వెక్కిరించేవాణ్ణి. మా ఆఫీసులో రవిచంద్ర అని ఒకడున్నాడు. ఎవరు ఎవర్ని పిలిచినా మొదటి పిలుపుకే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు. దానికీ నవ్వేవాణ్ణి... కారణం అతనే చెప్పేదాకా.

రవిచంద్రకి చిన్నప్పుడే తల్లి పోతే, నాంపల్లి దగ్గర గన్‌ఫౌండ్రీలో పెద్దమ్మ పెంచింది. ఆ పెద్దమ్మే ఆస్పత్రి పాలైంది. ఇక ఎన్నాళ్లో ఉండదని డాక్టర్లు చెప్పేశారు. ఒకరోజు పొద్దున అతను ఆస్పత్రి నుంచి ఆఫీసుకి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"పోయేటప్పుడు నీ మొహం చూస్తూ పోవాలిరా."

సాయంత్రం పని తెమల్లేదు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. రాత్రి పరుగున వెళ్లి నాంపల్లిలో రైలెక్కి, ఆ స్టేషన్‌లో దిగాడు. ఆస్పత్రి వైపు రైలు పై అంతస్తులో. ఎస్కలేటర్ దగ్గర గార్డు సురేందర్ రోజూ పలకరించేవాడే.

"జల్ది పోన్రి సార్, బండి వస్తున్నది," అని గొంతు తగ్గించాడు. "ఎవరన్న పిలిస్తే ఎనకకు సూడకున్రి."

ఎస్కలేటర్ మీద ఇంకెవరూ లేరు. సగం పైకి వచ్చాడో లేదో —

"రవీ..."

కింద నుంచి. నాంపల్లి వైపు తిరిగివెళ్లే ప్లాట్‌ఫాం మీంచి... అది పెద్దమ్మ గొంతు.

మంచం దిగలేని మనిషి ఇక్కడికెలా వస్తుంది? చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో ఆమే చెప్పేది — చీకట్లో ఎవరు పిలిచినా వెంటనే పలక్కు, మూడోసారి పిలిస్తేనే పలుకు, దెయ్యం మూడోసారి పిలవలేదు అని.

"ఒరే రవీ... ఇటు రారా..."

రెండు.

పైన ప్లాట్‌ఫాం మీద వెనక్కి తిరక్కుండా నిలబడ్డాడు. రైలొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇంకొక్కసారి... ఒక్కసారి పిలిస్తే చాలు, ఆస్పత్రీ వద్దు ఏమీ వద్దు, కిందికి పరిగెత్తేవాడే.

పిలుపు రాలేదు. దెయ్యమేలే అనుకుని, తలుపులు మూసుకుంటుంటే లోపలికి దూరాడు.

ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మార్చేశారు.

"ఇంటికి తీసుకెళ్లమని ఒకటే పోరండీ," అంది నర్సు. "మీ పక్కింటావిడ అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. మీ ఫోన్ కలవలేదు."

ఇంటికి. అంటే నాంపల్లి వైపు.

అతను చేరేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. పక్కింటి మాబెల్ ఆంటీ ఎదురొచ్చి భుజం పట్టుకుంది.

"ఇందాకే నాయనా. నీకోసమే చూసింది. 'రవీ' అని పిలిచింది. కాసేపాగి, 'ఒరే రవీ, ఇటు రారా' అంది."

రవిచంద్ర ఒక్క మాటే అడిగాడు.

"మళ్లీ పిలవలేదా ఆంటీ?"

మాబెల్ ఆంటీ కళ్లు తుడుచుకుంది.

"నోరు తెరిచింది నాయనా... మాట రాలేదు."