జింక్ కలిపిన స్ఫటికం

మూడోసారి యంత్రం మీట నొక్కినప్పుడు నీళ్ల వరుసలో కొండపేట ఆఖరికి వెళ్లింది. అంతకు ముందు నీలిపాలెం, దానికి ముందు గెడ్డవలస.

"లెక్కలు మార్చలేదు కదా, డాక్టరుగారూ! ప్రతిసారీ వేరే జవాబేమిటి?" అన్నాడు కాలువల ఇంజనీరు రాజారత్నం.

"మూడూ సరైనవే," అంది కుముదిని.

ఆమె యంత్రం గుండెకాయ ఒక నల్లని మాంగనీస్ ఆక్సైడ్ స్ఫటికం. అందులో మాంగనీస్ పరమాణువులు మూడేసి చొప్పున త్రిభుజాలుగా ఉంటాయి. ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. పక్కదానికి ఎదురుగా తిరగడం దాని స్వభావం. రెండు ఎదురెదురుగా నిలిస్తే మూడోది ఎటు తిరిగినా ఒకదానితో పేచీయే. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. ఊళ్ల అవసరాలను అయస్కాంత క్షేత్రాలుగా మార్చి ఇస్తే, స్ఫటికం తక్కువ పేచీతో సర్దుకుని ఏ తూము ముందు తెరవాలో చెబుతుంది. నీళ్లు చాలవు కాబట్టి ఏదో ఒక ఊరు ఆగక తప్పదు; ఏది ఆగినా పేచీ సమానమే.

"ఏటా ఒకరు ఆగుతారు. అదే న్యాయం," అంది కుముదిని.

"జనం ఒప్పుకోరు. మళ్లీ నొక్కమంటారు. ఒక్క జవాబే రావాలి."

ఆమె అయిష్టంగానే కొన్ని మాంగనీస్ పరమాణువుల చోట జింక్ కలిపింది. ఆ కాస్త అస్తవ్యస్తానికి స్ఫటికం ఒకే అమరికలో బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఆఖరిది గెడ్డవలసే.

ఊళ్ల మధ్య నీళ్ల కొట్లాటలు ఆగిపోయాయి. గెడ్డవలసలో మాత్రం ఏటా నీళ్లందక నారు నాటకముందే ముదిరిపోయేది. ఆ వార్త విని కుముదిని ప్రయోగశాలలో మరో స్ఫటికం చేసి, జింక్ వేరే చోట్ల పడేలా చూసింది. అవే అవసరాలు ఇస్తే ఈసారి ఆఖరిది నీలిపాలెం. గెడ్డవలసను ఎండబెట్టింది అవసరాల లెక్క కాదు, తను వేసిన చిటికెడు జింక్.

జింక్ లేని స్ఫటికం పట్టుకుని ఆమె కాలువ దగ్గరికి వెళ్లింది. అందరి ముందూ జరిగింది చెప్పి, దాన్ని బిగించి మీట నొక్కింది. కొండపేట ఆఖరికి వెళ్లింది.

కొండపేట వాళ్లు గోల చేస్తారని ఆమెకు తెలుసు. కానీ ముందు లేచింది గెడ్డవలస పెద్ద సూరమ్మ.

"తల్లీ, నీది జాలిగుండె. మా కోసం యంత్రం మార్చేసినావు."

"మీ కోసం మార్చలేదమ్మా! ఇన్నాళ్లూ తప్పు చెప్పింది ఆ పాతదే."

"ఇన్నేళ్లు ఒకే మాట చెప్పింది తప్పెలా అవుద్ది? మనుషులైతే మాట మారుస్తారు గానీ, దానికి మా మీద పగేటి? మా నేలలోనే ఏదో లోపముంది. అది నమ్మే కదా, మా కుర్రాళ్లు కర్రలు దించినారు!"

ఊరంతా అవునంది. కుముదిని త్రిభుజాలు గీసి చూపించింది. ఓపిగ్గా విన్నారు, మంచినీళ్లిచ్చారు, నమ్మలేదు.

పాతదే కావాలని మూడు ఊళ్లూ కలిసి కాగితం మీద వేలిముద్రలు వేశాక రాజారత్నం జింక్ కలిపిన స్ఫటికాన్నే మళ్లీ బిగించాడు. గెడ్డవలస మళ్లీ ఆఖరికి పోయి, నీళ్లు కొండపేట వైపు తిరిగాయి. గట్టు మీద చప్పట్లు కొట్టినవాళ్లలో ఎక్కువమంది గెడ్డవలస వాళ్లే.